రెండో నంబరు

మంచు కిటికీ సగందాకా లేచిన రోజు
మెస్తియా ఆసుపత్రిలో పేర్లు పోయాయి.

యంత్రం బతికే ఉంది, కేబులు బతికే ఉంది.
చుక్కల మధ్య నాలుగు అంకెలు కొట్టి పిలిస్తే
కుతయిసీ ల్యాబు టక్కున పలుకుతోంది.
పేరు పెట్టి పిలిస్తే మాత్రం
ఉలకదు, పలకదు.

డాక్టర్ నానూలి నా వెనకే నిలబడింది.
"వియానోర్, ఆ పిల్లవాడి రక్తం రిపోర్టు."
పొద్దుటి నుంచీ ఇది మూడోసారి.

నాకు తెలిసిన మందు ఒకటే:
రిజాల్వ్ ఫైలు తెరిచి
నేమ్‌సర్వర్ అని రాసి పక్కన ఒక అంకె.
రాశాను. పేర్లు లేచి కూర్చున్నాయి.
కరెంటు పోయి వచ్చింది.
నా వరస మాయం.
మళ్లీ రాశాను, మళ్లీ మాయం.
నీళ్ల మీద రాసినా ఇంకాసేపు ఉండేదేమో.

అప్పుడు కనిపించింది ఫైలు నెత్తి మీద
ఇన్నిసార్లు తెరిచీ చదవని వాక్యం:
చేత్తో దిద్దకు, నువ్వు రాసింది చెరిగిపోతుంది.

బీపీ మాత్రలకొచ్చి
పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటున్న మక్వాలా
ఏమిటా తిట్లు అంది.
ఇరవై ఆరేళ్లు ఈ లోయ టెలిఫోను ఎక్స్ఛేంజీలో కూర్చున్న మనిషి.
చెప్పాను. నవ్వలేదు.

"నన్నూ పేరుతోనే అడిగేవాళ్లు.
ముర్జాను ఇవ్వు అంటారు. ఏ ముర్జా?
లోయలో పదకొండు మంది.
తెలిస్తే కలిపేదాన్ని, తెలియకపోతే
తెలియదని వెంటనే చెప్పేదాన్ని.
నోరు మూసుకుని కూర్చోవడం పాపం.
నాకు జ్వరమొస్తే జుగ్దిదీ అమ్మాయి పలికేది,
గోడ మీద ఎర్ర పెన్సిలుతో రెండో నంబరు.
నీకు రెండోది ఉందా?"

లేదు.

"అయినా ఆ కాగితం చెరిపేదెవడు?
వాడితో మాట్లాడావా?"

రాతను దిద్దుతూ కూర్చున్నాను గానీ
రాసేవాడొకడు ఉన్నాడని తట్టలేదు.
నెట్‌వర్క్ మేనేజరు.
రౌటరు లేచినప్పుడల్లా దాని చెవిలో
ఎప్పుడో చచ్చిన సర్వరు అంకె ఊదుతుంది,
అదేమో నమ్మి రాసిపెడుతుంది.

దానికే చెప్పాను:
రౌటరు మాట వినకు.
ఇవిగో రెండు అంకెలు, వేర్వేరు ఊళ్లవి.
మొదటిది రెండు సెకన్లలో పలక్కపోతే
రెండోదాన్ని అడుగు.

ఈసారి కరెంటు నేనే తీశాను.
చీకట్లో ముగ్గురం,
పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది.

తెరిచి చూస్తే
రెండు వరసలూ రాసినచోటే ఉన్నాయి.

రిపోర్టు వచ్చింది.
నానూలి సగం చదివి
కోటు ఒక చేతికే తొడుక్కుని
వార్డు వైపు పరిగెత్తింది.
మంచో చెడో అడిగే వీల్లేకపోయింది.
మక్వాలా తన అట్టలో మాత్రలు
గొణుక్కుంటూ లెక్కపెడుతోంది.