ఇంటికాడ చదువుకోండి

ఉలవపాడు హైస్కూల్లో
ఎనిమిదో తరగతి జీవశాస్త్రం.
ఆ పాఠం దగ్గరికి వచ్చేసరికి
నాలుగేళ్లుగా నాకు దగ్గొస్తుంది.
'ఇది ఇంటికాడ చదువుకోండబ్బా' అని
పేజీలన్నీ కలిపి ఒక్కసారే తిప్పేస్తాను.
మా సారూ ఇట్టాగే తిప్పాడు, వేలు తడిచేసుకుని.

ఈ ఏడు హార్లిక్స్ డబ్బా మూతకి గాటు పెట్టి
పేర్లు రాయొద్దన్నాను.
సోమవారానికి ముప్పయ్యొక్క చీటీలు.

'గొంతు బొంగురు పోతా ఉండాది సార్,
ప్రార్థనలో పెదాలు మాత్రం ఆడిస్తుండా.'
దస్తూరీ మాల్యాద్రిది. తెలియనట్టే చదివాను.

'ఊరికే ఏడుపొస్తాది. మగోడికి రావచ్చునా?'

'ఫోటో పంపమంటా ఉండాడు.
పంపకపోతే ప్రేమ లేదంట. ఉన్నట్టా, లేనట్టా?'

'మూడు రోజులు ఊరగాయ జాడీ తాకనీదు మాయవ్వ.
నిజంగా బూజు పడుద్దా?'

దగ్గు రాలేదు, చెమట పట్టింది.
బోర్డు మీద 'ముట్టు' అని రాశాను.
సుద్దముక్క విరిగింది.
వెనక బెంచీ నవ్వింది.
నవ్వు అయిపోయేదాకా నిలబడ్డాను,
అంతసేపేం పట్టలేదు.

మా నాయన పోయిన నెల
మోటారు షెడ్డులో దాక్కుని ఏడ్చానని చెప్పాను.
వద్దంటే అలిగేవాడు, బెదిరించేవాడు
అడుగుతున్నది ప్రేమ కాదమ్మా అన్నాను,
భయమేస్తే నాకో, హైమావతి టీచరుకో చెప్పు,
తప్పు నీది కాదు.
ఇంకా బాగా చెప్పి ఉండాల్సింది.

బూజుకి మాత్రం నోటి జవాబు చాలదు.
తోట నుంచి పుల్లకాయలు తెప్పించి
రెండు సీసాలు పెట్టాం,
ఒకే కారం, ఒకే నూనె.
ఒకటి బీరువాలో.
రెండోది ఆడపిల్లల బెంచీ మీద:
ఆ రోజుల్లో ఉన్నవాళ్లే తియ్యాలి,
ఎవరని నేనడగను.
మస్తాన్‌బీ రిజిస్టరు రాసింది.
తేదీ, గరిటె, మూత.
పేరు గడి నలభై రోజులూ ఖాళీ.

నలభై ఒకటో రోజు మూతలు తీశాం.
బూజు పట్టింది బీరువాలోదానికి.
మధ్యాహ్నం క్యారేజీలోకని
తడి గరిటె పెట్టింది నేనే.
క్లాసు క్లాసంతా నవ్వింది,
ఈసారి నేనూ.

సాయంత్రం గేటు దగ్గర ఒక అవ్వ.
ఆ సీసా చూపించమంది.
వాసన చూసింది, వేలితో తీసి నాకింది,
మనవరాలి వైపు చూడలేదు.
'ఉప్పు తక్కువేశారు' అంది.

సీసా మాత్రం కొంగు కింద పెట్టుకుని పోయింది.