స్టీలు డబ్బా

హార్షమ్ దాటాక రోడ్డుకి మలుపుల్లేవు.
కోసీ కొయ్యని గోధుమ, తడిసి నల్లబడ్డ వెన్నులు,
ఆ మధ్యలో ప్రభుత్వం వారి తెల్ల కరోల్లా, నేను.
రేడియోలో ధాన్యం ధరలు చెబుతున్నారు.
శ్రద్ధగా వింటాను. నా ఉద్యోగంలో
అవి కూడా రక్తపోటు లాంటివే.

క్లెమ్ నోస్కే. అరవై మూడేళ్ళు.
రెండేళ్ళు మొహం చూపించని వాన
సరిగ్గా కోతల వారానికి వచ్చింది.
వంటింట్లో లొరెయిన్ క్యాలెండరు
ఇంకా మార్చి దగ్గరే ఉంది.
"బాగానే ఉన్నా" అంటాడు.
ఈ దేశంలో ఆ మాటకి పద్నాలుగు అర్థాలు.
ఏడేళ్ళలో తొమ్మిది నేర్చుకున్నాను.

ఫారంలో పదకొండు ప్రశ్నలు.
తొమ్మిదోది వచ్చేసరికి కొత్తలో గొంతు తగ్గించేదాన్ని,
పెళ్ళివారింట్లో అప్పు అడుగుతున్నట్టు.
"తగ్గించకు" అంది మా డెర్వ్లా,
ముప్ఫై ఏళ్ళు ఈ రోడ్లు అరగదీసిన నర్సు.
"టీలో చక్కెర ఎంత అన్నంత మామూలుగా అడుగు.
అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు.
ఎవరూ అడక్కపోతేనే
లోపల ఒక్కతే కూర్చుని బలుస్తుంది."

అడిగాను.
చనిపోవాలని అనిపిస్తోందా, క్లెమ్?

కుక్క లేచి, చోటు మార్చుకుని పడుకుంది.
ఫ్రిజ్ మోత ఆగింది.
ఆయన కిటికీలోంచి సైలో వైపు చూస్తూ
"కొన్ని రాత్రులు" అన్నాడు.

ఆ రెండు మాటల దగ్గర
రెండు గంటలు కూర్చున్నాం.
తర్వాత ఫోన్లు. మిల్డ్యూరాలో ఉన్న చెల్లెలికి, డాక్టరుకి,
పక్క పొలం బారీకి.
బారీ బురద బూట్లతోనే వచ్చి
షెడ్డు తాళంచెవి జేబులో వేసుకున్నాడు.
ఎందుకని అడగలేదు.
రాత్రికి ఇక్కడే పడుకుంటానన్నాడు,
తన ఇంట్లో టీవీ పాడైందని అబద్ధమాడి.

గుమ్మంలో "వెళ్తున్నా" అంటే
మా అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఆపేది,
"వెళ్ళొస్తాననవే" అని.
ఇంగ్లీషులో ఆ క్రియ ఎక్కడా దొరకలేదు నాకు.
అందుకే డబ్బా వదిలేశాను.
కారులో పులిహోర తిని ఖాళీ చేసిన స్టీలు డబ్బా,
సింకు పక్కన, మర్చిపోయినట్టు.
మూత మాత్రం నా సంచిలో.
డెర్వ్లా నేర్పిన దొంగ విద్య ఇది.
పైవాళ్ళకి తెలిస్తే వృత్తి హద్దుల మీద
మళ్ళీ క్లాసులకి పంపుతారు.

ప్రతిసారీ పని చెయ్యదు. అదీ రాయాలి.
డింబూలాలో ఒక ఇంట్లో నా గొడుగు ఉండిపోయింది.
ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు. పేరు చెప్పను.
చర్చిలో చివరి వరసలో కూర్చున్నాను.
వాళ్ళమ్మ బయటికొచ్చి గొడుగు ఇస్తుంటే
చెయ్యి చాచడానికి చాలాసేపు పట్టింది.
మర్నాడు తొమ్మిదింటికి నాకింకో ఇల్లుంది.
డెర్వ్లా కారు తాళాలు లాక్కుంది.
దారి పొడుగునా ఒక్క మాటా లేదు,
వైపర్లు తప్ప.
ఆ పూటని రికార్డులో
"ప్రయాణం, గంటన్నర" అని రాసుకున్నాం.

మొన్న శుక్రవారం కౌంటరు దగ్గర క్లెమ్.
ఇస్త్రీ లేని చొక్కా, గీసుకున్న గడ్డం,
గడ్డం కింద చిన్న గాటు.
నలభై కిలోమీటర్లు నడుపుకుంటూ వచ్చి
"మూత లేని డబ్బా ఎవరికి పనికొస్తుంది?" అని విసుక్కున్నాడు.
లోపల ఐదు గుడ్లు, ఒకదానికి గడ్డిపరక అంటుకుని.
ఆరోది రైలుపట్టాల దగ్గర పగిలిందట.

ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని
ఈయనకెవరు చెప్పారు?

వెళ్తూ వెనక్కి తిరక్కుండానే
"మంగళవారం" అన్నాడు. అంతే.

ఫారంలో "మధ్యస్థం" అన్న గడిలోనే టిక్కు పెట్టాను.
గుడ్లకి గంతులు వెయ్యకూడదని
ఈ పని నేర్పింది.
డబ్బా కడిగి, తుడిచి,
మూత విడిగా సంచిలో వేసుకున్నాను.