పేరు రాస్తే చాలు

మొదటి వీడియోకి సినిమా పాట పెట్టాను.
అబ్బాజాన్ నర్ది కొయ్యలోంచి గరిటె తీస్తుంటే
వెనకాల ఎవరో హీరో మంచుకొండల్లో ప్రేమించాడు.
తెల్లారేసరికి ఫోన్లో పసుప్పచ్చ గుర్తు:
ఈ సంగీతం నీది కాదు.

నిజమే, కాదు.
బస్టాండు టీకొట్లో, దుత్తలూరు ఆటోలో,
ఎవరింటి పెళ్లో తెలీని మైకులో
అది ఊరికే వచ్చి చెవిలో పడేది.
గాలికి బిల్లు వస్తుందని ఎవరనుకుంటారు?

ఇక వేట.
అందరూ పడుకున్నాక మిద్దెక్కి
దుర్గం కొండకి వీపు తిప్పితే సిగ్నలు రెండు గీతలు.
ఉచిత సంగీతమని బోర్డు పెట్టిన కొట్లన్నీ తిరిగాను.
సంతోషం అని ఒక గది:
లోపల అందరూ ఈలలేస్తారు, చిటికెలేస్తారు,
సబ్బు కొనమన్నట్టు.
విషాదం అని ఇంకోటి:
ఒకే పియానో, వానలో నానుతా.
భారతదేశం అన్న గదిలో
ఇంకా పామునే ఆడిస్తున్నారు.
పని అని కొట్టి వెతికాను.
ఆఫీసులో కీబోర్డుల టకటక వచ్చింది.
రంపప్పొట్టు రాలడానికి
ఎవరూ ఏ రాగమూ కట్టలేదు.

బ్యాండుసెట్టు మాల్యాద్రి మామ క్లారినెట్ తెచ్చాడు.
"సొంతంగా ఊదుతా, ఎవుడడుగుతాడో చూస్తా" అన్నాడు.
కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు,
మూడో వరసకి ఇద్దరికీ నవ్వాగలేదు.
నలభై ఏళ్లు ఊరేగింపుల ముందు నడిచిన ఊపిరి,
ఎటు తిప్పినా ఏదో ఒక సినిమాలోకే పోతుంది.

"ఆకురాయి చప్పుడు చాలదంటే?" అన్నాడు అబ్బాజాన్.
అదీ చేశాను.
ఇయర్‌ఫోన్‌లో వింటే
ఎలక బియ్యపు మూట కొరుకుతున్నట్టుంది.
ఆయనకి చెప్పలేదు.

పదకొండో రాత్రి దొరికింది.
మూడున్నర నిమిషాలు. ఏదో తీగల వాయిద్యం, పేరు తెలీదు.
మధ్యలో ఒకచోట వేలు తీగమీద జారి
కిర్రుమంటుంది, దాన్ని చెరపలేదు వాయించినాయన.
గరిటె మెడ దగ్గర అబ్బాజాన్ ఊపిరి బిగబట్టే చోట
సరిగ్గా అది పడింది.

కింద ఆయన షరతు:
తీసుకో. డబ్బులొద్దు. నా పేరు రాస్తే చాలు.

చదివి వినిపించాను.
చేతిలో ఉలి ఆగింది.
"పేరేనా?"
"పేరే."
పక్కన హైదరాబాదు ఎగ్జిబిషన్‌కి కట్టిన పన్నెండు డజన్లు,
గోనెసంచిలో తలలు బయటపెట్టి.
"మన వాటిమీద ఆడ ఏం రాస్తారమ్మే?"
"ఉదయగిరి గరిటెలు అని."
"ఊరికి పేరొచ్చిందిలే" అన్నాడు,
మళ్లీ ఉలి పట్టాడు.

ఆ పేరు ఎట్ట పలకాలో నాకు రాదు.
ఒక అక్షరం నెత్తిన చుక్క, ఇంకోదాని కాళ్లకింద తోక.
తప్పు పోతుందని కొట్టకుండా, ఉన్నదున్నట్టు
ఎత్తి తెచ్చి అతికించాను.
సంగీతం: అని ఆ పేరు.
దాని కింద, ఎవరూ అడక్కపోయినా,
గరిటె: షేక్ జిలానీబాషా.
ఫోను దాన్ని జిలేబీ బాషా అని దిద్దింది.
చెరిపి రాశాను. మళ్లీ దిద్దింది.
మూడోసారికి నా మాట విన్నది.

నలభై ఒక్కమంది చూశారు,
అందులో సగం మా చిన్నమ్మ వాళ్లింట్లోనే.

పొద్దున టీ తాగుతా అడిగాడు:
"ఆయన చూశాడా?"
"ఎవరు?"
"వాయించినాయన."
నాకేం తెలుసు. సముద్రాలవతల ఎక్కడో ఉంటాడు,
ఉన్నాడో లేడో.

ఆయన ఇంకేం అనలేదు.
సంచి మూతి విప్పి, చెయ్యి లోపలికంటా పెట్టి,
చక్కెర కలిపే చిన్న చెంచా ఒకటి తీసి
ఆకురాయితో అంచు ఇంకోసారి రుద్ది
కిటికీలో పెట్టాడు.

కొనేవాళ్లొచ్చి అడిగితే
అది ఇవ్వనంటున్నాడు.