అట్టముక్క

తప్పెవరిదో ఒక్క ముక్కలో చెప్పమంటుంది
యూనివర్సిటీ నుంచి వచ్చిన పిల్ల.
ఫోను నా టీకప్పు పక్కన పెట్టి
ఎర్రదీపం వెలిగిందో లేదో రెండుసార్లు చూసుకుంది.
ఒక్క ముక్కలో అయితే
అట్టముక్క, అన్నాను.
నవ్వింది. రాసుకోలేదు.

బర్మింగ్‌హామ్‌లో మోటారు సైకిళ్లు చేసేవాళ్లం.
పొద్దున ప్రాథెరో గారి ఉత్తరాలు టైపు కొట్టేదాన్ని.
భోజనం వేళ ఆయన కుర్చీలో కునుకు తీస్తుంటే
అదే మిషన్ మీద డెనిస్ ఓక్‌లీ డిమాండ్లు.
కార్బన్ కాగితం కూడా అదే,
పొదుపుగా వాడమని పైనుంచి ఆర్డరు.
ఆ నల్లకాగితం వెలుతురుకు పట్టి చూస్తే
వాళ్ల మాటల మీద వీళ్ల మాటలు పడి
ఒక్క అక్షరం చదవరాదు.

పిల్లా, ఇంజను పెట్టె అంటే రెండు చిప్పలు.
అతుకు దగ్గర నూనె చెమర్చేది.
అద్దాల షోరూములో, రిబ్బను కట్టిన కొత్త బండి కింద కూడా
అట్టముక్క పరిచేవాళ్లం.
కుడిచిప్ప చేసినవాణ్ని అడిగితే ఎడమది అనేవాడు.
ఎడమవాడు టీకి వెళ్లి ఉండేవాడు.

మా లేతు మిషన్ల వయసు మా తాతల వయసు.
వాటాలకు లాభం పంచిన ఏడాదే
"జపాన్ బండ్లు పిల్లలాడుకునే బొమ్మలు" అని
ప్రాథెరో గారు నాచేత కొట్టించారు.
బొమ్మలు కింద గీత గీయమన్నారు.
గీశాను.

బల్బు మార్చే హక్కు ఎలక్ట్రీషియన్‌దా
నిచ్చెన మోసేవాడిదా అని
పదకొండు రోజులు గేటు బయట నిలబడ్డాం.
నేనూ నిలబడ్డాను. మంచులో సూపు బాగుండేది.
బల్బు మాత్రం ఎవరూ మార్చలేదు.
అలాగని డెనిస్‌ను తీసిపారేయకు.
ప్రెస్సు కింద ఐవర్ మూడు వేళ్లు పోతే
పరిహారం పెన్నీతో సహా రాబట్టింది అతనే.
మిగిలిన రెండు వేళ్లతో ఐవర్ అతనికి సెల్యూట్ కొట్టేవాడు.

ముల్లొచ్చి ఆకు మీద పడ్డా
ఆకొచ్చి ముల్లు మీద పడ్డా అంటారే,
ఎవరు ఆకో ఎవరు ముల్లో తేలకముందే
గేటుకు తాళం పడింది.

ఇంకొకటుంది. ఇది ఎవరూ అడగరు.

పోత షెడ్డులో ఝలమన్ సింగ్ అని ఒకాయన.
ఎప్పుడు చూసినా రాత్రి షిఫ్టే.
ఒకనాడు సలహాల పెట్టెలో కాగితం వేశాడు.
పెన్సిల్ బొమ్మ, స్కేలు పెట్టి గీసింది.
చీలిక నిలువుగా కాదు, అడ్డంగా పెట్టండి,
నూనె కారదు.
కింద పేరు, టోకెన్ నంబరు.

అది అతని డిపార్ట్‌మెంట్ కాదు, అన్నారు ప్రాథెరో గారు.
అది అతని గ్రేడు కాదు, అన్నాడు డెనిస్.
ఇరవై ఏళ్లలో ఆ ఇద్దరూ కలిసింది
ఆ ఒక్క మాట దగ్గరే.

నేను దాని మీద నంబరు వేశాను. నాలుగు వందల పన్నెండు.
ఫైల్లో పెట్టాను.
సొరుగు బిగుసుకుంటే
మోకాలితో నెట్టి మూశాను.

అయితే యాజమాన్యమా, యూనియనా?
పిల్ల మళ్లీ అడిగింది, పాపం, మర్యాదగా.

గ్యారేజీలోకి తీసుకెళ్లాను.
మా ఆయన బండి.
ఆయన పోయి ఆరేళ్లు, తాళంచెవి ఎక్కడుందో తెలీదు.
నడిపేవాళ్లు లేకపోయినా
ఎక్కణ్నుంచి వస్తుందో మరి, కారుతుంది.
ఏటా మార్చిలో అట్టముక్క మారుస్తాను.
వంగి, పాతది లాగి ఆమె చేతికిచ్చాను.
తెల్లకోటుకు తగలకుండా దూరంగా పట్టుకుని
దీన్నేం చేసుకోను, అంది.

ఫైల్లో పెట్టుకో, అన్నాను.
నంబరు వేసి.