కారణం: నూనె

పందొమ్మిదేళ్లుగా
కాలిపోయిన వంటిళ్లలోకే నా నడక.
పోర్టోలో, నది వైపు దిగే మెట్ల వీధుల్లో
ఎక్కడ పొగ లేచినా
మర్నాడు పొద్దున్నే బీమా కంపెనీ తరఫున
రబ్బరు బూట్లతో నేను.
గోడ మీద మసి ఎటు పాకిందో చూసి
మంట ఎక్కడ పుట్టిందో చెప్పగలను.
రిపోర్టులో దానికి ఒకటే గడి:
కారణం, నూనె.
లేదా, కారణం, మరచిపోవడం.

పొయ్యిలో పిల్లి లేవని ఇళ్లు కొన్ని ఉంటాయి.
నేను చూసేవి
పొయ్యే లేచి ఇల్లంతా తిరిగిన ఇళ్లు.

పోయిన మార్చిలో గ్రసియేత్ గారి మూడో అంతస్తు.
పైకప్పు పెచ్చులూడింది, అల్మారా బొగ్గయింది.
ఎనభై రెండేళ్ల ఆవిడ
సోఫాకి ఎంతిస్తారని అడగలేదు.
"నా చిన్న గిన్నె కనబడిందా అమ్మాయ్?" అంది.
కనబడింది. అడుగు నల్లబడింది, అంతే.
పక్కింటి పొయ్యి మీద అదే గిన్నెలో
బంగాళదుంపలు ఉడికించి మెదిపి,
ముదురు క్యాబేజీ ఆకుల్ని దారప్పోగుల్లా తరిగి వేసి
నా చేతికిచ్చింది.
మసి చేతులతోనే తాగాను.
నష్టం రాసుకునే ఫారంలో
ఆ సూప్‌కి గడి లేదు.
పన్నెండు పేజీలూ తిరగేశాను.

అప్పట్నుంచే నాకీ తెగులు.

శనివారం వంటల కాలేజీ వాళ్లు
ఎవరైనా వచ్చి చూడొచ్చన్నారు. వెళ్లాను,
నలభై నాలుగేళ్ల ఒటీలియాని, అరువు ఏప్రన్‌తో.
పక్కన దినిస్ అనే కుర్రాడు, మీసమింకా మొలవనివాడు.
తలా ఆరు ఉల్లిపాయలిచ్చారు.
అతను ఆరూ తరిగేసి చేతులు కట్టుకునేసరికి
నా రెండోది ఇంకా నన్ను ఏడిపిస్తోంది.
"ఇంట్లో వండుతారా?" అడిగాడు పెద్ద చెఫ్.
వండుతానన్నాను,
నేరం ఒప్పుకున్నట్టు.

అప్పుడు, చివరి పొయ్యి మీద బాణలి.
ఎవరూ అటు చూడటం లేదు.
నూనె నిగనిగలాడటం మానేసి
సన్నగా, నీలంగా
ఒక్క నూలుపోగు వదిలింది.
ఆ పోగు నాకు తెలుసు.
దాని కొస పట్టుకుని
ఎన్ని ఇళ్లకు వెళ్లానో,
వెళ్లిన ప్రతిసారీ మర్నాడే.
మంట తగ్గించాను. మూత పెట్టాను.
"ఏమైంది?" అన్నాడు దినిస్.
ఏమీ కాలేదు, అన్నాను.
పందొమ్మిదేళ్లలో
ఆ మాట అనడం అదే మొదలు.

ఇంటికొచ్చేసరికి బాల్తజార్
కరెంటు బిల్లు వెనక లెక్క కట్టి పెట్టాడు:
రెండేళ్ల ఫీజు, ఆగిపోయే జీతం,
ఇంటి అప్పుకి ఇంకా పదకొండేళ్లు.
"అంతా అయ్యాక నీకిచ్చేది
ఎవరి హోటల్లోనో గిన్నెలు తోమే పని."
కోపంగా కాదు,
అంకెల కింద గీత గీసినంత నెమ్మదిగా.
అంచనా వేయడం మా ఇంట్లో ఇద్దరికీ వచ్చు.
నా మోకాళ్ల నొప్పి అతను రాయలేదు.
నేనే కలిపాను.

దరఖాస్తులో ఒక ప్రశ్న:
ఈ పనిలోకి ఎందుకు రావాలనుకుంటున్నారు?
మూడు గీతల చోటు.
చెయ్యి అలవాటు కొద్దీ రాసేసింది:
కారణం, నూనె.
కొట్టేశాను.
దాని పక్కనే, ఇంకా చిన్న అక్షరాల్లో:
ఒక్కసారైనా ముందురోజు వెళ్లాలని.

శుక్రవారం గడువు.
కాగితం ఉప్పు డబ్బా కింద ఉంది.
బూట్లు తలుపు దగ్గరే ఉన్నాయి,
రేపు మళ్లీ ఎవరిదో గోడ, ఎవరిదో మసి.

ఇప్పటికి మాత్రం ఉల్లిపాయలు.
నాలుగోది తరుగుతున్నాను.
బాల్తజార్ గడియారం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు,
ముక్కు ఎగబీలుస్తూ,
నిమిషాలు పైకి లెక్కపెడుతూ.