కనబడలేదు

నెడ్ కామిష్ గడ్డం యంత్రం మీద ఆన్చి
అక్షరాల పలక వైపు తిరగనైనా తిరగలేదు.
"సముద్రం బాగానే ఉంది. నడిమధ్యనే చిల్లు పడింది.
ఆ చిల్లులోనే కూచుంటుంది, మొండి బాతు."

ఫైలీలో నాది కళ్లద్దాల కొట్టు.
కర్నూలు పిల్లని. సముద్రమంటే నాకు
అట్లాసులో రంగులన్నీ వేశాక మిగిలిపోయిన నీలం.
చూపు నడుమ మచ్చ పడ్డవాళ్లకు చెప్పే మాటే ఆయనకీ చెప్పాను:
చూడాల్సినదాన్ని చూడొద్దు, దాని పక్కన చూడండి.
పకపకా నవ్వాడు.
"అరవయ్యేళ్లుగా ఇంకేం చేస్తున్నాననుకున్నావు?"

మర్నాడు చంకలో చేపల లెక్కల పుస్తకం.
అట్ట ఇంకా తారు వాసన వేస్తోంది.
ముందునుంచి హెర్రింగులు, బుట్టలు, బాకీలు.
వెనకనుంచి తిరగేస్తే మఖమలు బాతు.

1963 జనవరి. ఒకటి. బ్రిగ్ రాళ్లకు దక్షిణాన. పడవ తాళ్లు గడ్డకట్టాయి.
1964. కనబడలేదు.
1965. కనబడలేదు.
1966. రెండు. ఒకటే రెండుసార్లు మునిగి లేచిందేమో. ఒకటి అనుకోవాలి.
1971 మార్చి. మగది. డోరీన్‌కి చూపించాను. కాకి అంది. ఆమెనే పెళ్లాడతాను.
1979. మూడురోజుల తూర్పుగాలి. పదకొండు!
1983. ఒడ్డున ఒకటి, ఒళ్లంతా నూనె. లెక్కలో వెయ్యలేదు.
ఆ తర్వాత కనబడలేదు, కనబడలేదు,
ఒక ఏడు ఆ మాట కూడా లేదు,
డోరీన్ ఆస్పత్రికి వెళ్లే బస్సు టైములు మాత్రం.
2006. ఒకటి. ఆడదో పిల్లదో. ఇంటికెళ్లి ఎవరికీ చెప్పలేదు.

"వందల నల్లబాతుల్లో దాన్నెలా పోలుస్తారు?"
"మగదానికి కంటికింద కాటుక ఉంటుంది, తెల్లది.
అంత దగ్గరికి మనల్నెవరు రానిస్తారు?
దూరాన అన్నీ మసిగుడ్డ మూటలే.
రెక్క విప్పితేనే తెల్లచారిక.
విప్పేది ఒళ్లు దులుపుకోడానికి, లేకపోతే పోవడానికి.
ఇదే అది అని తేలేసరికి
సగంసార్లు నీకు మిగిలేది దాని తోకే."

ఫిబ్రవరి ఆదివారం. బ్రిగ్ చివర.
నాచు మీద ఆయన చెయ్యి నేను పట్టుకున్నానో
నా చెయ్యి ఆయనో.
టెలిస్కోపు నాది. మామూలు నల్లబాతులు నలభై ఒకటి,
అల లేచినప్పుడు ముప్ఫై.
ఆయన అసలు అటు చూడట్లేదు.
ఫ్లాంబరో కొండ కేసి మొహం తిప్పి, కంటికొసతో
"అదిగో" అన్నాడు. "ఎడమనుంచి మూడో అల. విప్పింది."
తిప్పాను.
నీళ్లు.
నీళ్లమీద ఒక వలయం, వెడల్పవుతూ.
మునిగిన బాతుకి ముప్ఫై సెకన్లు, నలభై.
అరవై లెక్కపెట్టాను. వంద.
ముక్కు కారుతోంది. ఎక్కడ లేస్తుందో దానిష్టం.

"రాయి" అని పెన్సిలిచ్చాడు. "నువ్వు చూసిందే రాయి.
పక్కవాడి కళ్లతో చూసింది ఈ పుస్తకంలో ఒక్కటీ లేదు."

కొంకర్లు పోయిన వేళ్లు
తమంతట తామే నా లిపిలోకి జారిపోయాయి.
పుస్తకాన్ని చెవిదాకా తీసుకుపోయి, కొండనే చూస్తూ,
కంటికొసన పెట్టుకు చదవబోయాడు.
"ఇవేంటి, గుండ్రంగా, తేలుతున్నట్టు?"
"కనబడలేదు, అని."
వేలితో తడిమి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.
"ఆరున్నాయి" అన్నాడు.