శవం వేషం

నా వేషానికి డైలాగులు నాలుగే.
నాలుగూ మొదటి ఐదు నిమిషాల్లో అయిపోతాయి.
ఆ తర్వాత అప్పులోళ్లకి జడిసి
చచ్చినట్టు పడుకోవాలి,
ఏటి అగ్రహారం కమ్యూనిటీ హాల్లో
పెళ్లి భోజనాల బల్లలు కలిపి కట్టిన స్టేజీ మీద,
సామ్రాజ్యం ఇంటి నుంచి తెచ్చిన చాప మీద,
ముక్కులో దూదితో.

"ఊపిరి పొట్టతో తియ్యవయ్యా, రొమ్ముతో కాదు.
ముందు వరసలో పిల్లకాయలు కనిపెట్టేది అదే."
రెండు నెలలు ఇదే పాఠం జక్కరయ్య మాస్టారిది.
డ్రాయింగు మాస్టారాయన. రిటైరయ్యాక
కాగితం మానేసి మనుషుల మీద గీస్తున్నాడు.

నేను మిర్చి యార్డులో కాటా గుమాస్తాని.
ఫిబ్రవరి నెల. తేజా టిక్కీలు గేటు బయట దాకా.
నలభై రెండు ఆరొందలు, నలభై ఒకటి తొమ్మిదొందలు,
పొద్దుగూకులూ అంకెలు పిలవడమే.
రైతు ముఖం చూస్తే తూకం తప్పుద్దని
నా ముఖానికి మూతేసుకుని చేసే కొలువు.
ఆ సాయంత్రం మూడు సార్లు పోసుకున్నా నీళ్లు.
కారం పోతదా?
చెవి వెనకో, గోళ్లలోనో
ఎక్కడో నక్కి ఉంటది.

కళ్లు మూసుకున్నా.
హాలు మొత్తం వచ్చి నా చెవుల్లో కూర్చుంది.
ప్లాస్టిక్ కుర్చీ కిర్రు, పల్లీల పొట్లం చప్పుడు,
రెక్క వంగిన ఫ్యాను టకటక.
సామ్రాజ్యం నా గుండెల మీద పడి ఏడుస్తోంది.
నిజానికి నవ్వాపుకోలేక అదురుతోంది.
మిషను కుట్టే వేలితో డొక్కలో పొడిచి
"కదిలావో, నేనే చంపుతా" అని గొణిగింది.
"ఎంత బాగా ఏడుస్తుందమ్మా పిల్ల!"
ఎవరో పెద్దావిడ ముక్కు చీదింది.

పురోహితుడు నాగుల్ మీరా.
పగలు లాడ్జి సెంటర్లో ఆటో, రాత్రికి పంచె, పిలక.
"గోత్రం చెప్పండమ్మా" అన్నాడో లేదో
వచ్చింది.
ముక్కు మొదట్లో చిన్న నిప్పురవ్వ.
సీజను సీజనంతా, నలభై రెండు ఆరొందలతో సహా
దూది వెనక బారులు తీరింది.
నాలుక కొరుక్కున్నా. కట్టాల్సిన చీటీ తల్చుకున్నా.
చనిపోయిన మా పెదనాన్నని కూడా తల్చుకున్నా, పాపం.
హాచ్!
దూది ఎగిరి కీబోర్డు కుర్రాడి ఒళ్లో పడింది.

ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది.
తెర వెనక సువార్తమ్మ గబగబా పేజీలు తిప్పుతోంది,
స్క్రిప్టులో లేని తుమ్ము కోసం.
నాగుల్ మీరా చెయ్యెత్తాడు.
వాళ్ల వీధి ముసలమ్మలు
ఏ పిల్లాడు తుమ్మినా అన్నట్టే, అలవాటుగా,
శవాన్ని దీవించాడు:
"చిరంజీవ!"

నవ్వు నాకు ముందు వీపు కింద తెలిసింది.
బల్లలు వణికాయి.
ఆ తర్వాత, కుట్టు తెగిన టిక్కీలోంచి
ఎండుకాయ జారినట్టు
గలగల, గలగల, ఆగదే!
సామ్రాజ్యం ఏడుపు ఆపి తలెత్తింది.
"ఒంటి తుమ్ముతో పోతే మంచిది కాదంట,
ఇంకోటి తుమ్మి పోవయ్యా!"

తుమ్మా.
మొదటిది యార్డుది. అది నా చేతుల్లో లేదు.
ఈ రెండోది మాత్రం నాది.
ఎప్పుడు మొదలెట్టాలో, ఎంత సాగదియ్యాలో,
చివర కాలి బొటనవేలు ఎంత ఎత్తు లేపాలో
అంతా నేనే తూచి వేశా.
హాలు ఒరిగిపోయింది.
కళ్ల కొసల నుంచి చెవుల్లోకి నీళ్లు కారుతుంటే
తుడుచుకోకుండా పడుకున్నా.
శవాన్ని కదా.

మేకప్ తుడిచేటప్పుడు మాస్టారు ఏమీ అనలేదు.
టీ గ్లాసు నా చేతికిచ్చి, స్క్రిప్టులో
పెన్సిలుతో రెండు చోట్ల "తుమ్ము" అని రాసుకున్నాడు.

తెల్లారి కాటా దగ్గర
నరసరావుపేట నుంచొచ్చిన రైతు ఒకాయన
కండువాలోకి గట్టిగా తుమ్మాడు.
"చిరంజీవ!" నా నోట్లోంచి వచ్చేసింది.
అంకె మర్చిపోయా.
హమాలీలు నవ్వుకుంటూ టిక్కీ దించారు,
మళ్లీ ఎత్తారు.